గేలిక్ ఆటలు: గొంతులు, పతకాలు, జ్ఞాపకాలు

ఐర్లండ్ ప్రజలు తమవిగా చెప్పుకునే గేలిక్ ఆటల్లో ప్రధానమైనవి రెండు. చదునైన అంచున్న కర్రతో చిన్న బంతిని కొట్టేది హర్లింగ్. చేతులూ కాళ్లూ రెండూ వాడేది గేలిక్ ఫుట్‌బాల్. రెండింటిలోనూ జట్టుకు 15 మంది. బంతి గోల్ వలలో పడితే 3 పాయింట్లు, అడ్డుకర్ర మీదుగా నిలువు గుంజల మధ్య నుంచి పోతే సాధారణంగా 1 పాయింటు. హర్లింగ్ ప్రస్తావన పురాణ వీరుడు కుహూలిన్ బాల్యగాథల్లోనే కనిపిస్తుంది. ఆటలకు సంస్థ మాత్రం 1884 నవంబరు 1న ఏర్పడింది. టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్లో మైఖేల్ క్యూసాక్, మారిస్ డావిన్ తదితరులు సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు.

ఈ ఆటల్లో జీతాలు లేవు. వారమంతా పొలంలోనో బడిలోనో దుకాణంలోనో పనిచేసినవాళ్లే ఆదివారం తమ కౌంటీ చొక్కా తొడుక్కుని దిగుతారు. ఎంత గొప్పగా ఆడినా దక్కేది పేరే. ఆ పేరును ఊరి పొలిమేర దాటించి దేశమంతా నిలిపినవి రెండు: రేడియో గొంతు, ఏటేటా ఇచ్చే బహుమతి.

డబ్లిన్ రేడియో కేంద్రం 2ఆర్‌ఎన్ 1926 జనవరి 1న మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 29న క్రోక్ పార్క్ మైదానంలో గాల్వే, కిల్కెన్నీ జట్ల మధ్య జరిగిన హర్లింగ్ సెమీఫైనల్‌ను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. పత్రికల్లో ఆటల గురించి రాసే పీ.డీ. మేహిగన్ మైకు ముందు కూర్చున్నారు. ఐరోపాలో మైదానపు ఆట ఒకటి రేడియోలో ప్రత్యక్షంగా వినిపించడం అదే మొదలని ఐర్లండ్‌లో చెప్పుకుంటారు.

గేలిక్ ఆటల ప్రసారాన్ని ఒక కళగా మార్చినవారు మీహాల్ ఓహెహిర్. అవకాశమివ్వమని రేడియోకు తనే ఉత్తరం రాసుకున్నారు. 1938 ఆగస్టులో మల్లింగర్‌లో గాల్వే, మోనఘన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు తొలి వ్యాఖ్యానం చెప్పేనాటికి ఆయన వయసు 18. బంతి ఎవరి దగ్గరుందో, ఎటు పోతోందో, ఎవరు అడ్డుపడ్డారో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేని వేగంతో చెప్పేవారు. మైదానం ఎన్నడూ చూడనివాళ్లకు సైతం ఆట కళ్లకు కట్టేది. రేడియో ఉన్న ఇంటి ముందు ఇరుగుపొరుగు గుమిగూడిన ఆదివారాలు ఆ తరం జ్ఞాపకాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ గొంతు ఎంత విలువైనదో తేల్చినది 1947 సెప్టెంబరు 14. 1847 నాటి మహాక్షామానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఆ ఏడాది కౌంటీల జాతీయ పోటీ అయిన ఆల్-ఐర్లండ్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను న్యూయార్క్‌లో, బేస్‌బాల్ ఆడే పోలో గ్రౌండ్స్‌లో పెట్టారు. ఆనాడు ఆకలికి తాళలేక ఓడెక్కి వెళ్లినవాళ్ల పిల్లలూ మనవలూ ఉన్న నగరం అది. కావన్, కెర్రీ జట్లు ఎండలో తలపడ్డాయి. కావన్ ఆటగాడు మిక్ హిగిన్స్ పుట్టింది న్యూయార్క్‌లోనే. పీటర్ డోనహో ఫ్రీకిక్కులను గురి తప్పకుండా కొడుతుంటే అమెరికా పత్రికలు ఆయన్ను తమ బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్‌తో పోల్చాయి. అట్లాంటిక్ ఇవతల ఉన్న కావన్ పల్లెలకు ఆట అందే దారి ఒక్కటే, ఓహెహిర్ మాట్లాడుతున్న టెలిఫోన్ లైను. ఆట ఆలస్యమైంది. అద్దెకు తీసుకున్న లైను గడువు ముగియవచ్చింది. ఇంకో అయిదు నిమిషాలు లైను కొయ్యవద్దని ఓహెహిర్ ప్రసారంలోనే బతిమాలుకున్నారు. ఎవరు విన్నారోగాని లైను నిలిచింది. కావన్ 2-11, కెర్రీ 2-7 (గోల్స్-పాయింట్లు). గేలిక్ ప్రసార చరిత్రలో దీన్ని మించిన ఘట్టం లేదు.

ఆ గొంతే కార్క్ హర్లర్ క్రిస్టీ రింగ్‌ను ఇంటింటి మనిషిని చేసింది. క్లోయిన్ గ్రామంలో పెరిగిన రింగ్ 1941 నుంచి 1954 వరకు 8 ఆల్-ఐర్లండ్ పతకాలు గెలుచుకున్నారు. ఆయన సహచరుడు జాక్ లించ్ 1941 నుంచి 1946 వరకు వరుసగా ఆరేళ్లు పతకాలు గెలిచారు, అందులో ఒకటి ఫుట్‌బాల్‌లో. తర్వాత ఆయన దేశ ప్రధానమంత్రి అయ్యారు.

టెలివిజన్ 1961 డిసెంబరు 31న మొదలై, మరుసటి ఏడాదికే ఫైనళ్లను ప్రత్యక్షంగా చూపింది. 1979 జులైలో మొదలైన ‘ద సండే గేమ్’ కార్యక్రమం ఆదివారం ఆటలను ఒకచోట చేర్చింది. ఓహెహిర్ 99 ఫైనళ్లకు వ్యాఖ్యానం చెప్పి, నూరోది చెప్పాల్సిన 1985లో పక్షవాతానికి గురయ్యారు. ఆయన తర్వాత శ్రోతల మనసు దోచుకున్న మీహాల్ ఓ మురహర్టీ 1949లో ఐరిష్ భాషలో వ్యాఖ్యానం మొదలుపెట్టి 2010 వరకు కొనసాగారు. బంతి గాలిలో ఉన్నంతసేపట్లో ఆటగాడి తల్లిదండ్రుల ఊళ్లు కూడా చెప్పేయగల దిట్ట. ఫిజీ తల్లికి పుట్టి కార్క్ హర్లింగ్‌కు వన్నె తెచ్చిన షాన్ ఓగ్ ఓ హాల్పీన్ తల్లిదండ్రుల స్వస్థలాల గురించి ఆయనన్న మాటను ఇప్పటికీ తలుచుకుంటారు.

బహుమతుల చరిత్ర వేరు. కాల్టెక్స్ చమురు సంస్థ 1958 నుంచి ఏటా ఉత్తమ క్రీడాకారులను ఎంపిక చేసింది. 1959లో హర్లింగ్ బహుమతి రింగ్‌కు దక్కింది. ‘గేలిక్ వీక్లీ’ పత్రిక 1963 నుంచి 1967 దాకా కుహూలిన్ పేరిట బహుమతులిచ్చింది. ఒక్కో స్థానానికి ఒక్కరు చొప్పున ఏడాది మేటి జట్టును ఎంచే పద్ధతి ఇక్కడిదే. ఆ పద్ధతినే 1971లో క్యారల్స్ సిగరెట్ కంపెనీ ఖర్చుతో ఆల్ స్టార్స్ అందుకుంది. క్రీడా విలేఖరులు ఎంపిక చేసేవారు. నెగ్గినవాళ్లకు అమెరికా ప్రయాణమూ ఉండేది. జీతం ఎరగని ఆటగాడికి అది చిన్న గౌరవం కాదు. కెర్రీ ఫుట్‌బాలర్ పాట్ స్పిలేన్ 9 సార్లు, కిల్కెన్నీ హర్లర్ హెన్రీ షెఫ్లిన్ 11 సార్లు అందుకున్నారు. 1971కి ముందే ఆట విరమించిన రింగ్‌కూ, లిమరిక్ వీరుడు మిక్ మాకీకీ ఆటగాళ్లుగా ఒక్క ఆల్ స్టారూ లేదు. 2000లో సహస్రాబ్ది హర్లింగ్ జట్టును ప్రకటించినప్పుడు ఇద్దరికీ చోటు దొరికింది. తపాలా బిళ్లల మీద వారి బొమ్మలూ వచ్చాయి.

స్త్రీల విషయంలో జరిగిన ఆలస్యం మాత్రం అన్యాయమే. ఆడవాళ్ల హర్లింగ్ అయిన కమోగీకి 1904లోనే సంఘం ఏర్పడింది. ఫుట్‌బాల్ ఆడే స్త్రీలకు 1980లో ఆల్ స్టార్స్ వస్తే, కమోగీకి 2004 దాకా రాలేదు. డబ్లిన్ క్రీడాకారిణి కే మిల్స్ 15 ఆల్-ఐర్లండ్ పతకాలు గెలిచారు, రింగ్ పతకాలకు దాదాపు రెట్టింపు. ఇప్పుడు జూనియర్ కమోగీ చాంపియన్‌షిప్ విజేతలకు అందించే కప్పు కే మిల్స్ పేరు మీదనే ఉంది.