“మీ నామము”, “నీ నామము”: పర్చూరు మైదానములో కథోలిక ఆరాధన ప్రార్థనల చరిత్ర

పర్చూరు చుట్టుపట్ల గ్రామములలో భూస్థాపనకు వెళ్లిన కాపరులు ఒక సంగతి గమనించియుందురు. మృతుని బంధువులలో కొందరు కథోలికులు, కొందరు బాప్తిస్టులు లేక లూథరనులు. సమాధి యొద్ద ప్రభువు నేర్పిన ప్రార్థనను అందరును కలిసి చెప్పనారంభింతురు. మొదటి మనవి దాటకముందే గొంతులు రెండుగా చీలును. ఒక వైపు “మీ నామము”, మరియొక వైపు “నీ నామము”. ఆ నామము పూజింపబడవలెనని ఒకరు, పరిశుద్ధపరచబడవలెనని మరియొకరు. కీడు నుండి తప్పించుమను మనవి కాగానే కథోలికులు ఆమెన్ చెప్పి ఆగిపోవుదురు. తక్కినవారు రాజ్యము, బలము, మహిమ అనుచు ముందుకు సాగుదురు. ఆ కొన్ని క్షణములు ఒకే కుటుంబములోని సగము మంది తలవంచుకొని మౌనముగా నిలుచుందురు.

ఇది సిద్ధాంత భేదమని చెప్పి ఊరకుండుట మనకు అలవాటు. చరిత్రను చూచినయెడల ఆ మాట అంతగా నిలువదు. మహిమ స్తుతి విషయమే తీసికొందము. అది మత్తయి సువార్త యొక్క అతి పురాతన ప్రతులలో లేదు. లత్తీను బైబిలులోను లేదు. అందుచేత లత్తీను సంప్రదాయములో పెరిగిన ప్రార్థనలోనికి రాలేదు. అయితే 1969లో ప్రకటింపబడిన నూతన పూజా క్రమములో, ప్రభు ప్రార్థన తరువాత గురువు చెప్పు చిన్న ప్రార్థనకు జవాబుగా అదే స్తుతిని ప్రజలు పలుకుదురు. సమాధి యొద్ద ఆగిపోయిన కథోలికుడు ఆదివారమున గుడిలో ఆ మాటలను పలుకుచునే యున్నాడు. ఈ వ్యాసము ఆ ప్రార్థనల మాటలు ఎక్కడ నుండి వచ్చినవి, అవి ప్రజల చెవికి ఎప్పుడు అందినవి, ఈ నల్లరేగడి నేలలో వాటికి ఏ అర్థము కలిగినది అను మూడు ప్రశ్నలను పరిశీలించును.

ఏలినవారు, సర్వేశ్వరుడు

తెలుగు కథోలికుల ప్రార్థనా భాషకు మూలము తెలుగు దేశములో లేదు, మధురలో ఉన్నది. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి, అంతకుముందు తీర ప్రాంతపు తమిళ క్రైస్తవులు వాడుచుండిన పోర్చుగీసు మాటలను తీసివేసి, వాటి స్థానమున దేశీయ పదములను నిలిపెను. కృపకు ప్రసాదము, మిస్సాకు పూజ, దేవునికి సర్వేశ్వరుడు అను పేర్లు ఆ సంప్రదాయములో స్థిరపడినవి. 18వ శతాబ్దపు తొలి సంవత్సరములలో పుంగనూరు ప్రాంతమున పని ఆరంభించిన ఫ్రెంచి యేసు సభ గురువులు (వీరి పనికే కర్ణాటక మిషను అని పేరు) ఆ పదజాలమును తెలుగులోనికి తెచ్చిరి. ఆ శతాబ్దములోనే రాయలసీమ నుండి గుంటూరు సీమకు వలస వచ్చిన రెడ్డి కుటుంబములు తమ వెంట ఈ జపములను తెచ్చుకొనిరి. ఫిరంగిపురము ఆ చరిత్రకు ముఖ్య సాక్షి.

1773లో పోపు ఆజ్ఞచే యేసు సభ రద్దుచేయబడెను. గురువులు బహు అరుదైరి. అటు తరువాత చాల కాలము ఈ కుటుంబములకు మిగిలినది కంఠస్థమైన ప్రార్థనలే. పరలోక జపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహము, దశాజ్ఞలు తల్లి నోటి నుండి బిడ్డకు, ఉపదేశి నోటి నుండి గ్రామమునకు అందినవి. నేడు మనము వినుచున్న “ఏలినవారు” అను మాట ఆ కాలపు వాసన గలది. ఊరి దొరను, సంస్థానాధిపతిని పిలుచు పిలుపు అది. క్రీస్తు ప్రభువును ఆ పేరుతో పిలిచి, ఆయనను గూర్చి “ఉన్నారు”, “ఉందురుగాక” అని బహువచనములో మాటలాడుట ఆనాటి మర్యాద. “మీ నామము” అను ప్రయోగము కూడ ఆ మర్యాద నుండి వచ్చినదే.

19వ శతాబ్దములో ఈ ప్రాంతమునకు వచ్చిన మిషనరీలు వేరొక దారి పట్టిరి. 1842 జూలై 31న హయ్యరు గుంటూరు చేరెను. 1866లో క్లౌ ఒంగోలులో స్థిరపడెను. 1878 జూలైలో ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన విద్యార్థులందరికి తెలిసినదే. వీరి చేతిలో అచ్చైన తెలుగు లేఖనములు ఉండెను. వాటిలో దేవునికి “నీవు” అనియే సంబోధన. బహుశః ఇంగ్లీషు బైబిలు వాడుక కొంత కారణము కావచ్చును గాని, తెలుగు భక్తునికి అది కొత్తది కాదు. మన కీర్తనకారులందరు దైవమును నీవనియే పిలిచిరి. గనుక “మీ” అనువాడు దూరముగా నిలుచుచున్నాడనియు, “నీ” అనువాడు చనువు తీసికొనుచున్నాడనియు తీర్పు తీర్చుట పొరపాటు. అయినను ఒక ప్రశ్న మిగులును. పగలంతయు ఆసామిని “ఏలినవారా” అని పిలిచిన కూలి మనిషి, సాయంకాలము అదే మాటతో దేవుని పిలిచినప్పుడు అతని మనస్సులో ఏ రూపము మెదలెను? ఈ పదజాలమును మెచ్చుకొనువారు ఈ ప్రశ్నను దాటవేయకూడదు.

“పూజ”, “ప్రసాదము” అను మాటల విషయములో మన సంఘములకు ఇప్పటికిని జంకు ఉన్నది. మనము కృప అనుచోట వారు వరప్రసాదము అందురు. మనము ప్రభువు బల్ల అనుచోట వారు దివ్యసత్ప్రసాదము అందురు. రెండు మాటలును ఉచితముగా ఇయ్యబడిన దానినే చెప్పుచున్నవి. ప్రసాదము అడిగి సంపాదించునది కాదు, చేయి చాచి పుచ్చుకొనునది. కృపను బోధించు కాపరికి ఈ సామ్యము ఉపయోగపడకపోదు.

లత్తీను తెర తొలగుట

ఇంతవరకు చెప్పినవి జపములు. పూజ వేరు. జపములు తెలుగులో ఉండగా పూజ లత్తీనులో ఉండెను. అందులోను ప్రధాన ప్రార్థనను గురువు బలిపీఠము వైపు తిరిగి మెల్లని స్వరముతో చెప్పెడివాడు. ప్రజలు ఆ సమయమున జపమాల చెప్పుకొనెడివారు, లేక ఉపదేశి చెప్పించు తెలుగు జపములను వల్లించెడివారు. ఒకే కప్పు క్రింద రెండు ఆరాధనలు జరుగుచుండెను. దీనిని అజ్ఞానమని ఎగతాళి చేయుట సులభము. అయితే గురువు ఏడాదికి కొన్ని సారులు మాత్రమే వచ్చు గ్రామములో సంఘమును నిలిపినవి ఆ తెలుగు జపములే గాని ఆ లత్తీను పూజ కాదు.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనను గూర్చిన శాసనమును 2,147 ఓట్లతో ఆమోదించెను. వ్యతిరేకించినవారు 4 గురు మాత్రమే. 1965 మార్చి 7 నుండి పూజలోని పలు భాగములలో దేశభాషలకు చోటు కలిగెను. 1969లో నూతన క్రమము వెలువడి, ఆ సంవత్సరము నవంబరు 30న అమలునకు వచ్చెను. ఈ మార్పుతో గురువు ప్రజల వైపు తిరిగి, వారి భాషలో, వారికి వినబడునట్లు ప్రార్థించెను.

ఇక్కడ ఒక సంగతి మన లూథరను విద్యార్థులు గుర్తింపవలెను. హృదయములను పైకెత్తుడను పిలుపు, కనికరించుమను మొర, దూతల స్తుతి మొదలగునవి లూథరను ఆరాధన క్రమములోను ఉన్నవి. అవి పశ్చిమ సంఘపు పురాతన పూజా క్రమము నుండియే వచ్చినవి. హృదయములను పైకెత్తుడను పిలుపును గూర్చి కార్తేజి అధ్యక్షుడైన కిప్రియను 3వ శతాబ్దము నడుమ ప్రభు ప్రార్థన వ్యాఖ్యానములో ప్రస్తావించెను. కావున రోమా సంఘపు ప్రార్థనలు కొన్ని, రోమా గుడిలో వినబడకముందే గుంటూరు సీమలో లూథరను గుడిలో తెలుగున వినబడుచుండెను!

అనువాదపు కష్టము వేరొక కథ. లత్తీనులో పూజారంభ ప్రార్థన చాల పొందికైనది. మొదట దేవుని పిలుచుట, పిమ్మట ఆయన చేసిన ఒక కార్యమును జ్ఞాపకము చేసికొనుట, ఆ జ్ఞాపకమును పట్టుకొని ఒక మనవి చేయుట, కడపట క్రీస్తు ద్వారా ముగించుట. తెలుగులో ఆ జ్ఞాపకము సంబోధనకు ముందు రావలెను. “మా తండ్రులను విడిపించిన దేవా” అని చిన్నదిగా ఉన్నప్పుడు అది సహజముగా నోటికి వచ్చును. జ్ఞాపకము మూడు నాలుగు పంక్తులైనయెడల దేవుని పేరు వచ్చుసరికి వినువాడు మొదలు మరచిపోవును. అందుచేత రెండు వాక్యములుగా విరుతురు. దేవా, నీవిది చేసితివి. కావున మాకిది చేయుము. అప్పుడు దేవునికి తెలియని వార్త ఏదో మనము తెలియజేయుచున్నట్లు ధ్వనించును. వ్రాసికొని ప్రార్థించు కాపరులందరు ఎరిగిన చిక్కే ఇది.

అర్థమును బట్టి స్వేచ్ఛగా అనువదింపవచ్చునని 1969లో రోమా నుండి వచ్చిన సూచన చెప్పెను. మూలమును దగ్గరగా అనుసరింపవలెనని 2001లో వచ్చిన సూచన బిగించెను. 2017లో పోపు ఫ్రాన్సిస్ అనువాద బాధ్యతను ఆయా దేశముల అధ్యక్ష సభలకు ఎక్కువగా అప్పగించెను. ఈ మార్పులలో తెలుగు ఒకచోట సుఖపడినది. “ప్రభువు మీకు తోడై యుండునుగాక” అను అర్థముగల పలకరింపునకు లత్తీనులో ప్రజల జవాబు గురువు ఆత్మను ప్రస్తావించును. ఇంగ్లీషువారు ఆ ఆత్మను వదలిపెట్టి, 2011లో తిరిగి చేర్చుకొనవలసి వచ్చెను. తెలుగు కథోలికులు దానిని వదలనే లేదు.

ప్రత్తి చేనిలో రెండు ప్రార్థనలు

1969 క్రమములో కొత్తగా చేరిన వాటిలో అర్పణ ప్రార్థనలు ఈ ప్రాంతమునకు ముఖ్యమైనవి. యూదులు భోజన సమయమున దేవుని స్తుతించు మాటల నుండి వాటిని కూర్చిరి. రొట్టె భూమి ఫలమనియు మనుష్యుల చేతుల కష్టమనియు, ద్రాక్షారసమును అట్టిదేననియు చెప్పి గురువు దేవుని స్తుతించును. పాత లత్తీను అర్పణ ప్రార్థనలో నిష్కళంకమైన బలిని గూర్చిన మాటలుండెను. పంటను గూర్చి, కష్టమును గూర్చి లేదు.

పర్చూరు నేలలో గోధుమ పండదు, ద్రాక్ష పండదు. ఇక్కడ పండునవి ప్రత్తి, మిర్చి, పొగాకు, శనగ. చేతుల కష్టమను మాట వినునప్పుడు ఇక్కడి స్త్రీకి ప్రత్తి తీసిన వ్రేళ్లు, మిర్చి కోసి మండిన అరచేతులు జ్ఞప్తికి వచ్చును గాని గోధుమ రొట్టె రాదు. తెలుగు విచారణలలో పండుగ పూజలకు కొబ్బరికాయలు, పండ్లు, ధాన్యము అర్పణగా తెచ్చు ఆచారము ఈ ఎడమును కొంత పూడ్చుచున్నది. అయినను ప్రత్తి తినదగినది కాదు, మిర్చి అప్పు తీర్చుటకు అమ్ముడుపోవలసినది. అంగడి కొరకు పండించు రైతు చేతిలో భూమి ఫలము ఎంత కాలము నిలుచును?

ఈ ప్రశ్న 1987–88లో కఠోరముగా ఎదురైనది. అప్పటికి పర్చూరు ప్రకాశము జిల్లాలో ఉండెను (1970కి ముందు గుంటూరు జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా). పురుగుమందులు విపరీతముగా వాడుటచే తెల్లదోమ పెరిగి ప్రత్తి పంట నాశనమాయెను. కౌలు, వడ్డీ, మందుల బాకీ తీర్చలేక ప్రకాశము, గుంటూరు జిల్లాలలో రైతులు ఆత్మహత్య చేసికొనిరి. రాష్ట్రములో ప్రత్తి రైతుల మరణములు పెద్దయెత్తున లోకము దృష్టికి వచ్చినది అప్పుడే. చేనికి కొట్టిన మందునే త్రాగి చనిపోయినవారు వారిలో ఉండిరి.

ఇట్టి మరణము సంభవించినప్పుడు సంఘము ఏమని ప్రార్థింపవలెను? 1917 నాటి కథోలిక ధర్మశాస్త్రము బుద్ధిపూర్వకముగా ప్రాణము తీసికొనిన వానికి, చావుకు ముందు పశ్చాత్తాపపు గురుతు కనబడనియెడల, శ్రీసభ భూస్థాపనను నిరాకరించెను. మతి చలించెననో, సందేహమున్నదనో చెప్పి కనికరముగల గురువులు దారి వెదకెడివారు. 1983 నవంబరు 27న అమలైన నూతన ధర్మశాస్త్రములో, భూస్థాపన నిరాకరింపదగినవారి పట్టిక నుండి ఆత్మహత్య తొలగింపబడెను. తెల్లదోమ వచ్చుటకు కొలది సంవత్సరముల ముందే ఆ తలుపు తెరువబడినది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథము ఇట్టివారి కొరకు శ్రీసభ ప్రార్థించునని స్పష్టముగా చెప్పెను.

భూస్థాపన క్రమమును 1969 ఆగస్టు 15న మార్చబడియుండెను. పాత క్రమములో నల్లని వస్త్రములు, ఉగ్రత దినమును గూర్చిన దీర్ఘ గీతము ప్రధానము. కొత్త క్రమములో పునరుత్థాన నిరీక్షణ ముందుకు వచ్చెను, హల్లెలూయ తిరిగి వచ్చెను. ఇంతకంటె నన్ను ఆపిన మాట మరియొకచోట ఉన్నది. 1968లో చేర్చబడిన నాలుగవ కృతజ్ఞతా ప్రార్థనలో, క్రీస్తు సమాధానములో మృతినొందినవారితోపాటు, ఎవరి విశ్వాసమును దేవుడొక్కడే ఎరిగియున్నాడో ఆ మృతులందరిని కూడ గురువు జ్ఞాపకము చేయును. ఆ రాత్రి చేనిగట్టున ఆ రైతు మనస్సులో ఏమి జరిగెనో ఊరు ఎరుగదు, భార్య ఎరుగదు. ఆ ప్రార్థన తీర్పు చెప్పదు, సమర్థింపదు, ఎరిగినవానికి అప్పగించును.

మృతుల కొరకు ప్రార్థించుటను మన సంఘములు సంస్కరణ కాలము నుండి అంగీకరింపలేదు. రెండవ మక్కబీయుల గ్రంథమును మనము లేఖనముగా ఎంచము. ఆ భేదమును కప్పిపుచ్చనక్కరలేదు. అయితే దాని ఫలితమును కూడ చూడవలెను. సమాధి యొద్ద కథోలిక గురువు మృతుని గూర్చి దేవునితో మాటలాడును. మన కాపరి దేవుని గూర్చి బ్రదికియున్నవారితో మాటలాడును. ఆత్మహత్య అయినప్పుడు మన దారి మరింత ఇరుకగును. బ్రదికియున్నవారికి చెప్పు మాట హెచ్చరికగా మారి, శవపేటిక ప్రక్కన కూర్చున్న విధవ మీద పడుట ఈ వ్యాసకర్త ఒకటి కంటె ఎక్కువ సారులు విన్నాడు. మన సిద్ధాంతము ఆ హెచ్చరికను కోరదు. మృతుని దేవుని కరుణకు విడిచిపెట్టు మాటలు కొన్ని మన క్రమ గ్రంథములలోను ఉన్నవి, చదువువారు తక్కువ.

1987–88లో ఈ గ్రామములలో సమాధుల యొద్ద నిలిచిన ఉపదేశులు, కాపరులు కొందరు ఇంకను జీవించియున్నారు. వారి వయస్సు ఇప్పుడు డెబ్బది దాటియుండును. వారి ఇండ్లలో నూనె మరకలతో పాత జప పుస్తకములు, అట్టలూడిన క్రమ గ్రంథములు దొరకును. మన విద్యార్థులలో ఎవరైనను ఆ ఊళ్లకు వెళ్లి వారి యొద్ద కూర్చుండి, ఆనాడు పుస్తకములోని ఏ ప్రార్థన చదివితిరి, ఏది విడిచిపెట్టితిరి, పుస్తకములో లేనిది ఏమి చెప్పితిరి అని అడిగి వ్రాసికొనవలెను.