మక్కా, మదీనా కొండలు: రాళ్ల కథ, నడక దారులు, ఎక్కే ముందు తెలియాల్సినవి

హజ్‌కో ఉమ్రాకో వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లలో కాబా, మస్జిద్-ఎ-నబవీ ఫొటోల తర్వాత ఎక్కువగా కనిపించేవి కొండలే. జబల్-ఎ-నూర్, జబల్-ఎ-సౌర్, అరఫాత్‌లోని జబల్-ఎ-రహ్మత్, మదీనాలో ఉహుద్. ఇవన్నీ హిజాజ్ ప్రాంతానివి. ఎర్ర సముద్రం పొడవునా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే పర్వత వరుసలో ఇది ఒక భాగం. ఈ కొండలు ఎలా పుట్టాయో తెలిస్తే సీరత్‌లో చదివిన చాలా సంఘటనలు కళ్లకు కట్టినట్టు అర్థమవుతాయి. ఎక్కడ ఎంత నడక ఉంటుందో తెలిస్తే వెంట వచ్చే పెద్దవాళ్లకు ఇబ్బంది తప్పుతుంది.

కొండలు ఎలా పుట్టాయి?

మక్కా చుట్టూ ఉన్న రాయి చాలా పాతది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ భాగాన్ని అరేబియన్ షీల్డ్ అంటారు. ఇక్కడి రాళ్లలో ఎక్కువ భాగం వయసు సుమారు 55 నుంచి 90 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే గ్రానైట్ లాంటి రాళ్లు తయారవుతాయి. మన గోల్కొండ, మౌలా అలీ గుట్టలు కూడా గ్రానైటే. కాకపోతే హైదరాబాద్ గ్రానైట్ ఇంకా చాలా పాతది, దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

రాయి పాతదే అయినా కొండలు ఇంత ఎత్తుకు లేవడం మాత్రం కొత్త సంగతే. సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా, అరేబియా ఒకదాని నుంచి ఒకటి విడిపోవడం మొదలైంది. మధ్యలో ఎర్ర సముద్రం ఏర్పడింది, దాని అంచులు పైకి లేచాయి. అందుకే సముద్రం వైపు కొండలు గోడలా నిటారుగా ఉంటాయి. తూర్పున, అంటే రియాద్ వైపు, నేల మెల్లగా వాలుతూ పోతుంది.

మక్కా, తాయిఫ్ దారుల్లో లేత రంగు కొండను అడ్డంగా చీల్చుకుంటూ నల్లటి చారలు కనిపిస్తాయి. పాత రాయిలో పగుళ్లు వచ్చినప్పుడు వేరే రకం కరిగిన రాయి వాటిలోకి చొరబడి గట్టిపడింది, అదే ఆ చార. కొండల్లోని తెలుపు, ఎరుపు, నలుపు చారల గురించి దివ్య ఖుర్ఆన్ సూరా ఫాతిర్ 27వ ఆయతులో ప్రస్తావన ఉంది.

మక్కా లోయ, జమ్‌జమ్ బావి

మస్జిద్-ఎ-హరామ్ ఉన్నది లోయ అడుగున. దాని పేరు వాదీ ఇబ్రాహీమ్. చుట్టూ మట్టి లేని రాతి కొండలు కాబట్టి వాన పడితే నీళ్లు ఇంకవు, నేరుగా కిందికి ఉరుకుతాయి. మక్కా చరిత్రలో వరదలు పదే పదే కనిపించడానికి ఇదే కారణం. 1941 వరదలో కాబా చుట్టూ నీళ్లు నిలిచిపోతే కొందరు ఈదుతూ తవాఫ్ చేశారు.

జమ్‌జమ్ బావి లోతు సుమారు 30 మీటర్లు. పైనున్న 13.5 మీటర్లు వరదలు తెచ్చి పోసిన ఇసుక, కంకర. దాని కింద అర మీటరు మందాన నీటిని వదిలే శిథిలమైన రాయి ఉంది. ఆ కింద 17 మీటర్ల దాకా గట్టి రాయే. కొండల మీద పడిన వాన లోయ ఇసుకలోకి, రాతి పగుళ్లలోకి దిగి బావికి చేరుతుంది. పంట పండని ఈ లోయలో నీళ్లు దొరకడం అల్లాహ్ కృప అని విశ్వాసులు నమ్ముతారు. ఆ నీళ్లు ఏ దారిన వస్తాయో ఈ రాళ్లు చెబుతాయి.

మదీనా: లావా మధ్య పట్నం

మదీనాకు వెళ్లేసరికి నేల మారిపోతుంది. తూర్పున, పడమరన నల్లటి గరుకు రాళ్ల మైదానాలు ఉంటాయి. అరబీలో వీటిని హర్రా అంటారు. ఇవి అగ్నిపర్వతాల నుంచి పారిన లావా చల్లారి ఏర్పడినవి. మదీనా నుంచి దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్లు సాగే హర్రత్ రహాత్ వీటిలో పెద్దది.

హిజ్రీ 5, అంటే క్రీ.శ. 627లో జరిగిన ఖందక్ యుద్ధాన్ని ఈ నేల చూస్తే అర్థం చేసుకోవచ్చు. కందకం తవ్వుదామని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా ఇచ్చారు. దాన్ని ఊరి చుట్టూ తవ్వలేదు, ఉత్తరం వైపు తవ్వారు. తూర్పు, పడమరల్లో కత్తుల్లాంటి లావా రాళ్ల మీద గుర్రాలు, ఒంటెలు పరుగెత్తలేవు. దక్షిణాన దట్టమైన తోటలు, ఇళ్లు ఉన్నాయి. సైన్యం రావడానికి తెరిచి ఉన్న దారి ఉత్తరమే.

ఈ అగ్నిపర్వతాలు పూర్తిగా చల్లారినవి కావు. క్రీ.శ. 1256 (హిజ్రీ 654)లో మదీనాకు ఆగ్నేయంగా నేల చీలి లావా ఎగజిమ్మింది. ముందు కొన్ని రోజులు భూకంపాలు వచ్చాయి. తర్వాత 52 రోజుల పాటు లావా 23 కిలోమీటర్లు పారి, పట్నానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఆగింది. హిజాజ్ నుంచి ఒక అగ్ని లేస్తుందని, దాని వెలుగు షామ్‌లోని బుస్రా దాకా చేరుతుందని సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. ఆ కాలంలోనే జీవించిన ఇమామ్ నవవీ సహా చాలామంది పండితులు అది ఈ సంఘటనే అన్నారు. 2009లో మదీనాకు వాయవ్యంగా అల్-ఈస్ దగ్గర వేల సంఖ్యలో చిన్న భూకంపాలు వస్తే ప్రభుత్వం ఊళ్లు ఖాళీ చేయించింది. ఆ తర్వాత జనం ఇళ్లకు తిరిగొచ్చారు.

నడక దారులు

జబల్-ఎ-నూర్ (గార్-ఎ-హిరా): హరమ్‌కు ఈశాన్యంగా సుమారు 4 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి ఎత్తు 640 మీటర్లకు పైనే. మొదటి వహీ దిగిన గుహ శిఖరానికి కాస్త కింద ఉంటుంది. గుహ చాలా చిన్నది, పొడవు నాలుగు మీటర్లకు లోపే. పైకి వందల మెట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, పెద్దవాళ్లకు రెండింతలు పట్టొచ్చు. ఎక్కలేని వాళ్ల కోసం కొండ కింద 2023లో తెరిచిన హిరా సాంస్కృతిక కేంద్రం ఉంది. అందులో వహీ చరిత్ర మీద ప్రదర్శన చూడొచ్చు.

జబల్-ఎ-సౌర్: హరమ్‌కు దక్షిణాన ఉంది. 622లో హిజ్రత్ సమయంలో ప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (రజి) మూడు రాత్రులు ఇక్కడి గుహలో ఉన్నారు. నూర్ కంటే ఇది ఎత్తు, దారి పొడవు, నీడ తక్కువ. ఎక్కడానికే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కింది నుంచి చూసి రావడమే మేలు.

ఉహుద్: మదీనాకు ఉత్తరాన సుమారు 7 కిలోమీటర్ల పొడవున్న ఎర్రటి కొండ. సముద్ర మట్టానికి ఎత్తు 1,077 మీటర్లు. జియారత్‌కు వెళ్లే వాళ్లు ఉహుద్ షహీదుల ఖబ్రస్తాన్ దగ్గర దువా చేసి, ఎదురుగా ఉన్న జబల్-ఎ-రుమాత్ అనే చిన్న గుట్ట ఎక్కుతారు. హిజ్రీ 3లో ప్రవక్త (స) 50 మంది విలుకాండ్లను నిలబెట్టింది ఇక్కడే. గుట్ట మీద నుంచి చూస్తే వెనక వైపు దారికి కాపలా ఎందుకు అవసరమైందో ఒక్క చూపులో తెలుస్తుంది. పెద్దవాళ్లు కూడా నిదానంగా ఎక్కగలరు.

తాయిఫ్, అల్-హదా: మక్కా కంటే తాయిఫ్ సుమారు 1,500 మీటర్లు ఎత్తులో ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది, అందుకే అక్కడ చల్లగా ఉంటుంది. అల్-హదా ఘాట్ పక్కనే ఒంటెలు నడిచిన పాత రాళ్ల బాట ఉంది, ఇప్పుడు నడక ప్రియులు అందులో దిగుతున్నారు. దారిలో కోతులకు తిండి పెట్టొద్దు, అవి మీద పడి లాక్కుంటాయి. తాయిఫ్ నుంచి తిరిగొస్తూ ఉమ్రా చేయాలనుకునే వాళ్లు మీఖాత్ దాటక ముందే ఇహ్రామ్ కట్టాలి.

హిజ్రత్ దారి: మక్కా నుంచి మదీనా వరకు ప్రవక్త (స) వెళ్లిన దారిని నడక బాటగా మార్చే పనిని సౌదీ 2025 జనవరిలో ప్రకటించింది. మొత్తం 470 కిలోమీటర్లలో 305 కిలోమీటర్లు నడకకు కేటాయించారు.

ఎక్కాలా, వద్దా?

ఇంట్లో అమ్మీ, అబ్బా "ఇంత దూరం వచ్చి హిరా చూడకుండా ఎలా పోతాం?" అంటారు. వాళ్ల ప్రేమ అర్థమవుతుంది. కానీ నూర్, సౌర్ కొండలు ఎక్కడం హజ్‌లోగాని ఉమ్రాలోగాని భాగం కాదు. ఎక్కకపోతే ఇబాదత్‌లో లోటేమీ రాదు. అరఫాత్‌లో కూడా జబల్-ఎ-రహ్మత్ మీదికి ఎక్కనక్కర్లేదు, మైదానం హద్దుల్లో ఎక్కడున్నా వుఖూఫ్ అయిపోతుంది. ఉమ్రాలో తప్పనిసరి అయిన కొండ నడక సఫా, మర్వాల మధ్య సయీయే. ఒక్కో వైపు సుమారు 450 మీటర్లు, ఏడు సార్లకు 3 కిలోమీటర్లు దాటుతుంది. శక్తిని ముందు దానికి దాచుకోవాలి.

ఎండను తేలిగ్గా తీసుకోకూడదు. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది, ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయినట్టు సౌదీ ప్రభుత్వం చెప్పింది. చెట్టు లేని రాయి పగలంతా వేడిని పీల్చుకుని సాయంత్రం వదులుతుంది. కాబట్టి అస్ర్ తర్వాత కూడా కొండ సెగలు కక్కుతూనే ఉంటుంది. ఎక్కాలంటే ఫజ్ర్ నమాజు అయ్యాక బయల్దేరి, ఎండ ముదరక ముందే కిందికి రావాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందు ఊళ్లోనే డాక్టర్‌ను అడగాలి. షుగర్ మందులు వేసుకునే వాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, జేబులో ఖర్జూరాలు ఉంచుకోవాలి. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోవాలి. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు ఉండాలి. మోకాళ్లకు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే కష్టం ఎక్కువ, అందుకు చేతికర్ర పనికొస్తుంది. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఎక్కడం ఆపి నీడకు చేర్చాలి, ఒంటి మీద నీళ్లు చల్లాలి, వెంటనే వైద్య సాయం పిలవాలి. రాళ్ల మీద పేర్లు రాయడం, గుహలోంచి రాయి ముక్కలు ఏరుకుని తేవడం మానేయాలి. మన తర్వాత వచ్చే వాళ్లకూ ఆ కొండలు అలాగే కనబడాలి.