పైలట్ వైద్య పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు

విమానాలు ఎగరడం మొదలైన కొత్తలో, వాటిని నడిపే మనిషి ఆరోగ్యం గురించి అడిగే నాథుడు లేడు. రెక్క విరగకుండా, ఇంజను ఆగకుండా నేలకు దిగితే అదే పదివేలు. అమెరికా సైన్యం 1912లో విమాన విధులకు వచ్చేవారి కోసం శారీరక పరీక్ష నియమాలు రాసినా, వాటికి పదును పెట్టింది మొదటి ప్రపంచ యుద్ధమే. 1918లో న్యూయార్క్ దగ్గరి మినియోలాలో, సైనిక వైద్యుడు థియోడోర్ లిస్టర్ చొరవతో, పైలట్ల కోసమే ఒక వైద్య పరిశోధనశాల వెలిసింది. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గుతూ పోతే మనిషి ఎంతవరకు తెలివిలో ఉంటాడో అక్కడ చూసేవారు.

ఆనాటి పరీక్షలన్నిటిలోకీ వింతైనది గిర్రున తిరిగే కుర్చీ. లోపలి చెవి ఒంటిని తూలకుండా ఎలా నిలుపుతుందో పరిశోధించి వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీ 1914 నోబెల్ బహుమతి పొందాడు. ఆ కబురు అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. ఆయన పద్ధతినే సైన్యం అందిపుచ్చుకుంది. కళ్లు మూసుకున్న అభ్యర్థిని 20 సెకన్లలో 10 చుట్లు తిప్పి చటుక్కున ఆపేవారు. కళ్లు తెరిస్తే కనుగుడ్లు ఒక పక్కకు టకటకా కొట్టుకునేవి. ఆ అదురు 16 నుంచి 36 సెకన్ల లోపు ఆగాలి. ముందే ఆగినా, ఆలస్యంగా ఆగినా అభ్యర్థి ఇంటికే.

చెవి చురుగ్గా ఉన్నవాడు మబ్బులోనూ తడబడడన్నది దీని వెనకున్న నమ్మకం. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనిక వైద్యుడు డేవిడ్ మయర్స్ అదే కుర్చీతో ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. అనుభవజ్ఞుడైన పైలట్ విలియం ఆకర్ కళ్లు మూసుకుని కూర్చుంటే, కుర్చీ నెమ్మదించగానే ఆగిందనిపించింది, ఆగాక వెనక్కి తిరుగుతున్నట్టు తోచింది. ఆకర్ ఊరుకోలేదు. మలుపు చూపే పరికరాన్ని ఒక పెట్టెలో బిగించి, అందులోకి చూస్తూ మళ్లీ కూర్చున్నాడు. ఈసారి జవాబులన్నీ సరిపోయాయి. ఎంత మేలైన చెవైనా మబ్బులో మోసం చేస్తుందనీ, నమ్మాల్సింది పరికరాన్నేననీ తేలింది. మనుషులను ఏరడానికి తెచ్చిన కుర్చీ అలా పాఠం చెప్పే సాధనమైంది. వైమానిక దళాల శిక్షణలో నేటికీ ఉంది.

పౌర విమానయానంలో 1919 పారిస్ ఒప్పందం పైలట్లకు వైద్య అర్హతలు పెట్టింది. అమెరికాలో ప్రభుత్వ విమానయాన వైద్యాధికారి లూయీ బాయర్ 1927లో 57 మంది వైద్యులకు ఈ పరీక్షలు చేసే అధికారం ఇచ్చాడు. అయితే నియమం వెంటే మినహాయింపూ నడిచింది. చమురు బావి పనిలో ఎడమ కన్ను పోగొట్టుకున్న వైలీ పోస్ట్ లైసెన్సు సంపాదించి, 1933లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చాడు. లోపం ఉందా లేదా అన్నదానికన్నా, దానితో విమానం భద్రంగా నడుస్తుందా అన్నదే సరైన ప్రశ్న.

నేటి మూడు తరగతుల పద్ధతికి ఆధారం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలు. వాణిజ్య పైలట్లకు మొదటి తరగతి, సొంతానికి నడిపేవారికి రెండోది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు మూడోది. భారతదేశంలో ఈ వైద్య సర్టిఫికెట్లకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బాధ్యత వహిస్తుంది. 1957లో బెంగళూరులో మొదలైన వైమానిక దళ వైద్య సంస్థ పౌర పైలట్లనూ పరీక్షిస్తుంది. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, ఈసీజీ, రక్తపరీక్షలు మామూలే.

మనసు సంగతి మాత్రం చాలాకాలం పైపైన అడిగే నాలుగు ప్రశ్నలతో సరిపోయింది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ ఆల్ప్స్ పర్వతాల్లో కావాలనే కూల్చి, తనతో సహా 150 మంది మరణానికి కారణమయ్యాడు. పనికి వెళ్లొద్దని వైద్యులు రాసిచ్చిన చీటీలను సంస్థకు చూపలేదు. ఆ తర్వాత ఐరోపా, పైలట్ ఉద్యోగంలో విమానం నడపడం మొదలుపెట్టకముందే మానసిక అంచనా తప్పనిసరి చేసింది. లైసెన్సు పోతుందన్న భయంతో జబ్బు దాచుకోకుండా, తోటి పైలట్లతో గుట్టుగా మాట్లాడుకునే సహాయ కార్యక్రమాలను ప్రతి విమాన సంస్థా నడపాలని కూడా నిర్దేశించింది.