సంధి దగ్గరే చిక్కంతా

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాన్నగారు నన్నొక ప్రశ్న అడిగారు. "సివిల్ ఇంజనీరు వంతెన కడతాడు, మెకానికల్ వాడు యంత్రం చేస్తాడు, ఎలక్ట్రికల్ వాడు దీపం వెలిగిస్తాడు. సిస్టమ్స్ ఇంజనీరువి, మరి నువ్వేం చేస్తావురా?" ముప్పై ఏళ్ళు తెలుగు పండితులుగా పనిచేసిన ఆయనకు అర్థమయ్యేలా ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. "వాళ్ళందరి మధ్యా ఉంటాను నాన్నగారూ" అన్నాను చివరికి. ఆయన నవ్వి, "అయితే నీది సంధికార్యమన్నమాట" అన్నారు.

ఆ మాట హాస్యానికే అన్నా, తరువాత నేను చదివిన నిర్వచనాలలో ఏదీ దానిని మించలేదు. రాముడు, అతడు అనే పదాలు విడివిడిగా నిర్దుష్టమైనవే. కలిసినప్పుడు ఒక ఉకారం లోపిస్తుంది. మా, అమ్మ కలిసినప్పుడు ఎవరూ పిలవని యకారం మధ్యకు వచ్చి కూర్చుంటుంది. పదాలలో లేని లోపం పదాల కలయికలో పుడుతుంది. యంత్రాల సంగతీ అంతే. భాగాలన్నీ బాగున్నంత మాత్రాన మొత్తం బాగుంటుందన్న భరోసా లేదు. ఈ చిన్న సత్యం తెలుసుకోవడానికి ఇంజనీర్లకు ఇరవయ్యో శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

సిస్టమ్స్ ఇంజనీరింగ్ అన్న పేరు 1940లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో వాడుకకు వచ్చింది. అది అక్కడ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. టెలిఫోన్ పెట్టె ఒకరు చేస్తారు, తీగ ఇంకొకరు లాగుతారు, ఎక్స్చేంజి మరొకరు నడుపుతారు. మాట్లాడేవారికి మాత్రం ఇవేవీ పట్టవు, అవతలి గొంతు స్పష్టంగా వినిపించాలి. ఆ స్పష్టతకు బాధ్యుడెవరు? ఏ ఒక్క భాగానికీ చెందని ఆ బాధ్యతను మోయడానికే ఈ శాస్త్రం ఏర్పడింది.

1954లో అమెరికా వైమానిక దళం అట్లాస్ ఖండాంతర క్షిపణి పనిని జనరల్ బెర్నార్డ్ ష్రీవర్‌కు అప్పగించింది. ఆయన చేసిన ఏర్పాటు అప్పటికి కొత్తది. క్షిపణి భాగాలు రకరకాల సంస్థలు చేస్తాయి. వాటిని పొందుపరిచే సాంకేతిక నిర్దేశం మాత్రం సైమన్ రామో, డీన్ వూల్డ్రిడ్జ్‌ల సంస్థది. ఆ సంస్థ తాను క్షిపణి భాగాలేవీ తయారుచేయకూడదన్నది షరతు. తీర్పు చెప్పేవాడికి ఆస్తిలో వాటా ఉండరాదన్న మన పెద్దమనుషుల పద్ధతే కదా ఇది! 1957లో గూడ్, మాఖోల్‌ల పుస్తకం, 1962లో ఆర్థర్ హాల్ పుస్తకం వెలువడడంతో ఇది తరగతి గదికీ చేరింది.

ఆ విద్యకు అసలైన పరీక్ష అపోలో. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో సుమారు నాలుగు లక్షల మంది, ఇరవై వేలకు పైగా సంస్థలు, విశ్వవిద్యాలయాలు అందులో పాలుపంచుకున్నాయి. వైమానిక దళంలో మినిట్‌మన్ క్షిపణి పని నడిపిన శామ్యూల్ ఫిలిప్స్ అపోలోకు వచ్చి ఒక కట్టుబాటు తెచ్చారు. ఏ చిన్న మార్పయినా కాగితం మీదకు రావాలి, దాని వల్ల ఎవరెవరి పని మారుతుందో చూడాలి, వారందరి ఆమోదం పొందాలి. చంద్రుడి మీదకు మనిషిని చేర్చిన ఘనతలో ఈ గుమాస్తా పనికీ పెద్ద వాటా ఉంది.

అంత జాగ్రత్తలోనూ ఒక సంధి తప్పించుకుంది. అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకుల్లో హీటర్లుండేవి, అవి మితిమీరి వేడెక్కకుండా ఆపే థర్మోస్టాట్ స్విచ్చులుండేవి. నౌక తయారుచేసే నార్త్ అమెరికన్ సంస్థ, ట్యాంకులు చేసే బీచ్ సంస్థకు మొదట ఇచ్చిన లెక్క 28 వోల్టులు. ప్రయోగ కేంద్రంలో నేల మీది సరఫరా 65 వోల్టులు కనుక, హీటరు ఏర్పాటు దానికి తట్టుకోవాలని 1965లో లెక్క మార్చారు. మిగిలినవి మారాయి, ఆ స్విచ్ మారలేదు. తరువాత జరిగిన తనిఖీలు వేటిలోనూ అది కంటపడలేదు.

1968లో అందులో ఒక ట్యాంకు కర్మాగారంలో రెండంగుళాల ఎత్తు నుంచి జారిపడింది. పైకి దెబ్బ కనిపించలేదు. 1970 మార్చిలో ప్రయోగానికి ముందరి పరీక్షలో దానిలోని ఆక్సిజన్ మామూలు పద్ధతిలో బయటకు రాలేదు. హీటర్లు వేసి ఆవిరి చేసి పంపేద్దామనుకుని ఎనిమిది గంటలు వేసి ఉంచారు. తెరుచుకోవలసిన స్విచ్ 65 వోల్టుల ధాటికి కరిగి అతుక్కుపోయింది. చూస్తున్న మనిషి ముందున్న ఉష్ణమాపకం సుమారు 27 డిగ్రీల సెల్సియస్‌కు మించి చూపేది కాదు. అది 27 దగ్గర ఆగింది, ఆయన నిశ్చింతగా ఉన్నాడు. లోపల కొన్నిచోట్ల 500 డిగ్రీలు దాటి ఉంటుందని తరువాత అంచనా వేశారు. తీగల మీది టెఫ్లాన్ తొడుగు పాడైంది. ఏప్రిల్ 13న, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరాన, ఆ ట్యాంకు పేలింది.

ఆ స్విచ్ 28 వోల్టుల దగ్గర నిక్షేపంగా పనిచేస్తుంది. 65 వోల్టుల సరఫరాలో లోపం లేదు. మాపకం తన హద్దులో నిజమే చెప్పింది. చెడింది వాటి కలయిక.

మరో సంధి చూడండి. మాతృనౌకలో కార్బన్ డయాక్సైడును పీల్చే డబ్బాలు చదరం, చంద్రుడి మీద దిగే నౌకలోవి గుండ్రం. రెండూ వేర్వేరు సంస్థలు చేసినవి, ఒకదాని డబ్బా రెండోదానిలో వాడవలసి వస్తుందని ఎవరూ ఊహించలేదు. చివరికి ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టం, అంటించే టేపుతో నేల మీది ఇంజనీర్లు ఒక యడాగమం కల్పించి ముగ్గురి ప్రాణాలూ కాపాడారు.

మనకు దగ్గరి ఉదాహరణా ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్సెల్వీ-3 మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయి రాకెట్టు అదుపు తప్పింది. పదిహేడు టన్నుల శ్రమ బంగాళాఖాతం పాలైంది. కారణం వెతికి, సరిదిద్ది, 1980 జూలై 18న 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టారు. ఈ రెండు తేదీల మధ్య పదకొండు నెలల్లో జరిగిన పనే మా విద్యకు మంచి పాఠ్యపుస్తకమని నా నమ్మకం.

ఇంత రాసి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. ఉద్యోగంలో మూడో ఏట ఒక నియంత్రణ పెట్టెలో కనెక్టరు పిన్నుల వరుస మార్చాను. కొత్త డ్రాయింగు ఆరుగురికి పంపాలి, ఐదుగురికి పంపాను. తీగల కట్ట చేసే చిన్న వర్క్‌షాపు పాత డ్రాయింగు ప్రకారమే చేసిచ్చింది. పరీక్షలో బోర్డు కాలిపోయింది. తీగలు బిగించిన కుర్రవాడు అందరి ముందూ చివాట్లు తిన్నాడు. "సార్, డ్రాయింగులో ఉన్నట్టే పెట్టాను" అంటూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు, నేను కూడా. రెండు రోజుల తరువాత పంపకాల రిజిస్టరు తిరగేస్తే ఆరో పేరు పక్కన టిక్కు లేదు. వెళ్ళి ఒప్పుకున్నాను. కానీ ఆ కుర్రవాడు అప్పటికే పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు.

అపోలో 13 విచారణ సంఘం కూడా ఒక మనిషిని పట్టుకుని దోషి అనలేదు. పొరపాట్లు ఎలా ఒకదానికొకటి జతపడ్డాయో చూపింది. మేమూ ఆ రోజు పిన్నుల వరుస ముందు చూసి ఉంటే, ఆ కుర్రవాడి మీద కేకలు వేసేవాళ్ళం కాదు. భాగం కాలిపోతే ఆ భాగాన్ని తాకిన చేతినే అనుమానించడం మనుషుల అలవాటు. ఆ అలవాటు మాన్పించడానికే ఈ శాస్త్రం పుట్టిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

నాన్నగారికి ఈ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పదాలు దిద్దడం తేలికే. సంధి దగ్గర తప్పు చేసిన పిల్లవాడిని కొట్టకుండా, ముందు సూత్రం సరిగా చెప్పానా అని నన్ను నేను అడగడానికి నాకూ చాలా ఏళ్ళు పట్టింది" అన్నారు.

అప్పటి నుంచి ఏ డ్రాయింగు మార్చినా, ఆరో పేరు ముందు చూస్తాను.