నాన్నమ్మ కర్ర, బొరెల్లి లెక్క

మా నాన్నమ్మకి కుడి తుంటి నొప్పి. డాక్టరుగారు కర్ర ఎడమ చేత్తో పట్టుకోమన్నారు. "నొప్పి ఈ పక్కనుంటే కర్ర ఆ పక్కనెందుకురా? వాడికి చదువెవడు చెప్పాడో!" అని ఆవిడ గొడవ. నిజం చెప్పొద్దూ, మొదట విన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మెకానిక్స్ పేపరు రాసి పాసైన వాణ్ణే మరి! ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లు బోలెడు గీశాను కానీ ఆ 'బాడీ' ఎప్పుడూ ఏ నిచ్చెనో, దూలమో. మనిషి ఒంటికి అదే లెక్క వేయొచ్చని తట్టనే లేదు.

ఆ లెక్క మూడున్నర శతాబ్దాల క్రితమే వేసినాయన ఒకడున్నాడు. పేరు జియోవాన్ని అల్ఫోన్సో బొరెల్లి. 1608లో నేపుల్స్‌లో పుట్టాడు. గెలీలియో శిష్యుడైన కాస్తెల్లి దగ్గర చదువుకున్నాడు, అంటే గెలీలియోకి ప్రశిష్యుడన్నమాట. వృత్తిరీత్యా లెక్కల మాస్టారు, వైద్యుడు కాదు. 1656లో పీసాలో ఉద్యోగానికి చేరాక అక్కడ మాల్పీగీ అనే వైద్యుడితో స్నేహం కుదిరింది. సూక్ష్మదర్శినితో రక్త కేశనాళికల్ని చూసిన మాల్పీగీయే ఈయన. ఆయన ఈయనకి శరీరం చూపించాడు, ఈయన ఆయనకి లెక్కలు చెప్పాడు.

అప్పటిదాకా పండితుల నమ్మకం ఏమిటంటే, తులాదండంతో పెద్ద బండని చిన్న బలంతో లేపినట్టే, కండరాలు కూడా కొద్దిపాటి బలంతో పెద్ద బరువులు ఎత్తుతాయని. వినడానికి సబబుగానే ఉంది కదా? బొరెల్లి సరిగ్గా దీన్నే తలకిందులు చేశాడు.

మీరూ వేసి చూడండి. మోచేతిని లంబకోణంలో మడిచి, అరచేతిలో 5 కిలోల బియ్యం సంచి పెట్టుకుని కదలకుండా నిలబడండి. మోచేతి కీలు నుంచి సంచికి దూరం 35 సెం.మీ. అనుకుందాం. ముంజేతి సొంత బరువు కిలోన్నర, అది 15 సెం.మీ. దూరంలో పనిచేస్తుంది. ఈ రెంటినీ ఆపాల్సిన జబ్బ కండరం కీలుకి సుమారు 4 సెం.మీ. దూరంలోనే అతుక్కుని ఉంది. కదలకుండా ఉండాలంటే రెండు వైపులా బలభ్రామకాలు సమానం కావాలి. (5×35 + 1.5×15) ని 4తో భాగిస్తే దాదాపు 49. ఐదు కిలోల సంచికి 49 కిలోల లాగుడు! అంతేనా, ఆ లాగుడుకీ కింది బరువుకీ తేడా 43 కిలోలు మోచేతి కీలు మీద పడుతుంది.

ఇంత నష్టపు బేరం ఎందుకంటే, కండరం ఎక్కువ పొట్టి కాలేదు. అది రెండంగుళాలు ముడుచుకుంటే అరచెయ్యి అడుగున్నర కదలాలి. బలం పోగొట్టుకుని వేగం కొనుక్కున్నామన్నమాట. అదే కండరం అరచేతి దగ్గర అతుక్కుని ఉంటే బలానికి బలమే కానీ, చెయ్యి మడిచినప్పుడల్లా విల్లుకి కట్టిన తాడులా అడ్డొచ్చేది :)

మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఆ బల్లని పదునైన అంచు మీద నిలిపి గురుత్వకేంద్రం ఎక్కడుందో కూడా బొరెల్లి వెతికాడు. అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. కండరాలు ఏదో రసం పులిసి ఉబ్బడం వల్ల పొట్టి అవుతాయనుకున్నాడు. ఆ కాలంలోనే స్వామర్‌డామ్ కప్ప కండరాన్ని గాజు గొట్టంలో పెట్టి పరీక్షిస్తే పరిమాణం పెరగనే లేదు. కానీ ఆ ప్రయోగం అచ్చయ్యేసరికి 1738 వచ్చింది. కండరం ఎలా పనిచేస్తుందన్నది తప్పయినా ఎంత బలం కావాలన్న లెక్క చెక్కుచెదరలేదు. లోపల కోడ్ తెలియకపోయినా అవుట్‌పుట్ సరిగ్గా చెప్పినట్టు.

ఆయన చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. స్పెయిన్ పాలన మీద తిరుగుబాటుదారులతో కలిశాడన్న అనుమానంతో మెస్సినా వదలాల్సి వచ్చింది. రోమ్‌లో ఒక మఠంలో తలదాచుకుని అక్కడి వాళ్ళకి లెక్కలు చెప్పేవాడు. సింహాసనం వదిలేసి రోమ్ చేరిన స్వీడన్ మాజీ రాణి క్రిస్టీనా పుస్తకం ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. 'దె మోతు అనిమాలియుమ్' 1680, 81లలో రెండు భాగాలుగా వచ్చింది. ఆయన 1679 డిసెంబరు 31నే పోయాడు. పేజీ కూడా చూసుకోలేదు పాపం.

ఇక తుంటి సంగతి. 1935లో జర్మనీలో పావెల్స్ అనే ఎముకల వైద్యుడు తొడ ఎముక మెడ విరగడాన్ని ఇదే మెకానిక్స్ సమస్యగా తీసుకుని పుస్తకం రాశాడు. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే (నడకలో అడుగడుగునా అదే పని) తుంటి మీద ఉండే భాగం 50 కిలోలు. దాని భారం కీలుకి 10 సెం.మీ. దూరంలో, లాగి పట్టే పిరుదు కండరం 5 సెం.మీ. దూరంలో. కాబట్టి కండరం 100 కిలోలు లాగాలి, కీలు మీద మొత్తం 150. అవతలి చేత్తో కర్రని ఒక్క 5 కిలోలు నొక్కితే? ఆ చెయ్యి కీలుకి 40 సెం.మీ. దూరం. కండరం లాగుడు 60కి పడిపోతుంది, కీలు మీద 105. ఐదు కిలోలు నొక్కితే నలభై అయిదు తగ్గాయి! నొప్పి ఉన్న పక్కనే పట్టుకుంటే ఈ లాభం రాదు. ఇది కాగితం లెక్కే అనుకోకండి. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటిలోనే కొలిచే పరికరం అమర్చి, 2001లో ప్రచురించిన కొలతల్లో మామూలు నడకకి ఒంటి బరువుకి సగటున 2.4 రెట్లు వచ్చింది.

ఇదంతా నాన్నమ్మకి ఎలా చెప్పాలి? "కుడి చంకన నీళ్ళ బిందె పెట్టుకుని వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి బారజాపి, అటు ఒరిగి నడిచేదానివి కదా, ఎందుకూ?" అన్నాను. "లేకపోతే బిందెతో సహా పడనూ!" అంది. కాసేపు నా మొహం చూసి, కర్ర ఎడమ చేతికి మార్చుకుని వసారా చివరిదాకా వెళ్ళొచ్చింది.

"నొప్పి తగ్గిందా?" అన్నాను.

"కొంచెం తేలిగ్గానే ఉంది. అయినా ఎడమ చేతికి పట్టు లేదురా" అంది. నేను ఊరొచ్చేశాక మళ్ళీ కుడిచేతికే మార్చిందని అమ్మ ఫోన్లో చెప్పింది.