కొండ కింది ఊరు

మైపాడు తీరాన మా ఇంట మనుమడు లెగో ఇటుకలతో ఐరోపా మధ్యయుగపు కోట కట్టాడు. డెన్మార్కుకు చెందిన ఆ సంస్థ 1978లోనే పసుపుపచ్చని కోటను అమ్మకానికి తెచ్చింది.

"మన ఉదయగిరి కట్టు నాయనా" అన్నాను. గోడలతో మొదలుపెట్టాడు. "ముందు కొండ!" అన్నాను. మా నెల్లూరు జిల్లాలోని ఆ దుర్గానికి కొండయే తొలి ప్రాకారం. గజపతుల ఏలుబడిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి 1515లో ప్రతిష్ఠించాడు.

కొండకే ఇటుకలన్నీ చెల్లిపోయాయి. "మరి ఊరేదీ తాతయ్యా?" అన్నాడు.

రాయల విజయాన్ని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన నేను, ముట్టడి నాళ్లలో కొండ కింది పల్లెవారు ఏమి తిన్నారని ఒక్కనాడూ తలపోయలేదు. బొమ్మలకొలువు పెట్టె తెరచి, అంగడి శెట్టి బొమ్మను ధాన్యపు గంపలతో సహా కొండ అడుగున నిలిపాను.