ఇల్లు విడిచిన సేవకులు: స్కాట్లాండ్, 1843

ఈ వారం సంఘ చరిత్రలోని ఒక సంవత్సరాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

ఆ రోజుల్లో స్కాట్లాండ్ దేశ సంఘంలో చాలాచోట్ల సంఘకాపరిని ఎంపిక చేసే హక్కు విశ్వాసులకు లేదు, భూస్వామికి ఉండేది. 1712లో పార్లమెంటు చేసిన చట్టం ఆ హక్కు ఇచ్చింది. విశ్వాసులు వద్దన్నా భూస్వామి చెప్పిన వ్యక్తినే తీసుకోవాలని కోర్టులూ తీర్పు చెప్పాయి. సంఘానికి శిరస్సు ఎవరు? క్రీస్తా, భూస్వామా? సుమారు పదేళ్లు ఈ ప్రశ్న నలిగింది.

1843 మే 18న ఎడింబరోలోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో మహాసభ కూడింది. అధ్యక్షులు డేవిడ్ వెల్ష్‌గారు తమ అభ్యంతర పత్రం చదివి, బల్లమీద ఉంచి, రాణి ప్రతినిధికి వంగి నమస్కరించి బయటికి నడిచారు. ఆయన వెనుక థామస్ చామర్స్‌గారు, ఆ వెనుక వందలమంది. అందరూ టాన్‌ఫీల్డ్ హాలుకు చేరి కొత్త సంఘంగా ఏర్పడ్డారు. 470 మందికి పైగా సేవకులు తమ పదవులు వదులుకుంటూ సంతకాలు చేశారు. ఆ సంతకంతో జీతమూ పోయింది, భార్యాపిల్లలు ఉంటున్న ఇల్లూ పోయింది.

ఇక వారి పోషణ ఎలా? ప్రతి విశ్వాసీ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని చామర్స్‌గారు ముందే ఏర్పాటు చేశారు. ఆ డబ్బంతా ఒకే నిధిలో చేరేది. పట్నపు సంఘం ఇచ్చినదానితో కొండ ప్రాంతపు సంఘకాపరి కూడా బ్రతికాడు. కొద్ది సంవత్సరాల్లోనే వందల మందిరాలు లేచాయి.

అయితే కథ అక్కడ ఆగలేదు. మరుసటి సంవత్సరం అమెరికా నుండి వచ్చిన కానుకల్లో బానిసల యజమానులు ఇచ్చిన డబ్బు కూడా ఉంది. బానిసత్వం నుండి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌గారు 1846లో స్కాట్లాండ్ పట్టణాలు తిరిగి, ఆ డబ్బు వెనక్కి పంపండి అని సభల్లో అడిగారు. సంఘం పంపలేదు.

భూస్వామికి తలవంచనివారు ఆ కానుక దగ్గర తడబడ్డారు. వారిని తీర్పు తీర్చడానికి కాదు, మనల్ని మనం పరీక్షించుకోవడానికే దీన్ని చెప్పుకుంటున్నాం. ఒకనాడు చేసిన త్యాగం రేపటి పరీక్షకు జవాబు కాదు. మన మందిరానికి పెద్ద కానుక వచ్చినప్పుడు ఎంత అని అడుగుతాం. దాని వెనుక ఎవరి కన్నీళ్లున్నాయో కూడా అడుగుదాం.